బ్రాకెట్లో మూడో అల్లుడు

ఏలియామ్మ టీచరు తన చావు ప్రకటన తనే రాసుకుంది. రాసి ఊరుకోలేదు. పదకొండేళ్ళుగా ప్రతి శనివారం పొద్దున గంజి తాగి మూతి తుడుచుకున్నాక, బిస్కెట్ల డబ్బాలోంచి ఆ కాయితం తీసి, ఎర్ర పెన్సిలు చెక్కుకుని దిద్దుతూ కూర్చునేది. మనవడికి ఉద్యోగం మారితే మార్చేది. వియ్యంకుడు పోతే పేరు ముందు 'దివంగత' చేర్చేది. ఆ అరగంటా ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదు.

కేరళలో పాలా వైపు మనుషుల్ని ఎరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు. అక్కడ పేపరు రాగానే మొదటి పేజీ ఎవడూ చూడడు. మంత్రివర్గం కూలితే కూలనీ, ముందు చావుల పేజీ తిప్పుతారు. ఫొటో, కింద ఇంటిపేరు, వయసు, మట్టి ఎన్నింటికి, తర్వాత కూతుళ్ళు, ఆ తర్వాత అల్లుళ్ళు. ఒక్కో పేరు పక్కన బ్రాకెట్లో ఆ మనిషి ఏం చేస్తాడో ఉంటుంది. పోయినవాళ్ళ కోసం ఒక్క నిట్టూర్పు విడిచి అందరూ గబగబా బ్రాకెట్లలోకి దిగిపోతారు. ఏ ఇంటి పరువెంతో అక్కడే తేలిపోతుంది.

టీచరుకి ముగ్గురు అల్లుళ్ళు. మొదటివాడు చెరియాన్ (ఇంజనీరు, విద్యుత్ బోర్డు, రిటైర్డ్). రెండోవాడు ఉమ్మన్ (కువైట్). కువైట్ దేశమే గాని ఉద్యోగం కాదని మనం అనుకుంటాం గాని, ఆ వూళ్ళో దాన్ని మించిన ఉద్యోగం లేదు. మూడోవాడు పున్నూస్. అతని పేరు పక్కన బ్రాకెట్ తెరిచి ఉంది, మూసి ఉంది, మధ్యలో మాత్రం ఏమీ లేదు.

ఆ ఖాళీ పున్నూస్‌ని పదకొండేళ్ళుగా చెదపురుగులా తినేస్తోంది.

అలాగని అతను పనీపాటా లేనివాడేం కాదు. కొచ్చిలో ఒక ప్రకటనల కంపెనీలో మాటలు రాసే ఉద్యోగం. సబ్బులకి రాశాడు, కొబ్బరినూనెకి రాశాడు, పరుపులకి రాశాడు. ఒక గొడుగుల కంపెనీకి ఇరవయ్యేళ్ళ కిందట రాసిన మాటైతే పసిపిల్లలకి కూడా నోటికొచ్చు. 'వాన దేవుడిది, గొడుగు మాది.' జూన్‌లో బళ్ళు తెరిచే వేళకి ఆ మాట ఊరూరా గోడల మీద ఉండేది. ఎవరి నోట విన్నా అదే. రాసిందెవరని మాత్రం ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. పెళ్ళివిందులో వంటవాడి పేరెవడు అడుగుతాడు గనక.

ఇంకో చిక్కు ఆ వృత్తి పేరుతో. అక్కడి భాషలో ప్రకటనలవాణ్ణి పరస్యక్కారన్ అంటారు. కొచ్చిలో ఆ మాటకి కుర్చీ వేస్తారు. పాలాలో పరస్యక్కారన్ అంటే ఒక్కడే, కొచ్చాప్పి. పాత జీపు మీద రెండు మైకు గొట్టాలు కట్టుకుని, సర్కసొచ్చిందని, లాటరీ రేపేనని, ఫలానావారి మేక తప్పిపోయిందని, ఫలానావారు కాలం చేశారని ఊరంతా అరుచుకుంటూ తిరిగే మనిషి.

ఇరవయ్యారేళ్ళ కిందట పెళ్ళిచూపుల నాడు, పున్నూస్ మేనమామ గర్వంగా, మావాడు పరస్యక్కారన్ అన్నాడు. టీచరు కళ్ళజోడు సవరించుకుని, "ఏ జీపు?" అని అడిగింది. వెక్కిరింపుగా కాదు, తెలుసుకుందామనే. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. పున్నూస్‌కి తలకాయ తీసి మొలేసినట్టయింది. "కాదండీ, కాదండీ, కొచ్చిలో ఆఫీసు" అని నీళ్ళు నమిలాడు. టీచరు తల పంకించి ఊరుకుంది. పెళ్ళైతే అయింది, పిల్ల పట్టుబట్టింది గనక. ఆ రోజు నుంచి టీచరు ఎవరడిగినా మా మూడో అల్లుడికి కొచ్చిలో ఆఫీసు అనే చెప్పేది. కొచ్చాప్పి జీపు ఎదురైతే పున్నూస్ రోడ్డుకి ఆ పక్కకి దాటేసేవాడు.

మిగతా అల్లుళ్ళని టీచరు 'మోనే' అని పిలిచేది, మనం 'నాయనా' అన్నట్టు. పున్నూస్‌ని మాత్రం పున్నూస్ అనే పిలిచేది. దానికి కారణం కూడా ఆ ఖాళీయేనని అతని లెక్క.

ఆ ఏడు వేసవి మొదట్లో, బళ్ళకి ఇంకా సెలవులివ్వక ముందే, టీచరుకి జ్వరం పట్టుకుంది. ఎనభై ఒకటి దాటిన ఒళ్ళు. డాక్టరు స్టెతస్కోపు మడిచి జేబులో పెట్టుకుని, కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. పున్నూస్, భార్య శోశామ్మ కొచ్చి నుంచి వచ్చి అక్కడే ఉండిపోయారు. శుక్రవారం నాడు టీచరు మంచం మీంచి అల్లుణ్ణి పిలిచి బిస్కెట్ల డబ్బా చూపించింది. దిద్దీ దిద్దీ కాయితం చిరిగిపోతోందట, నీ చేతిరాత బావుంటుంది, సాపు రాసి పేపరు ఏజెంటు కోరకి అప్పగించు అంది. వేళ వచ్చినప్పుడు పంపిస్తాడు.

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. పున్నూస్ కాయితం పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. శోశామ్మ కర్రపెండలం చెక్కు తీస్తోంది.

"ఏమే, సాపు రాసేటప్పుడు ఆ ఖాళీ నింపేస్తే ఏమవుతుంది?"

"అమ్మ ప్రకటన అది. మీ సబ్బు ప్రకటన కాదు."

"చచ్చినవాళ్ళు చదువుతారా ఏమిటి?"

"మా అమ్మ చదువుతుంది" అంది శోశామ్మ, చెక్కు తీయడం ఆపకుండా. మొగుణ్ణి ఆవిడ అచ్చాయన్ అని పిలుస్తుంది, మనవాళ్ళు 'ఏవండీ' అన్నట్టు. "అంత కావాలంటే అచ్చాయన్, వెళ్ళి ఆవిణ్ణే అడగండి. ఇదీ నా పని, ఇది రాయండి అని. నోట్లో నాలిక లేదా? ఊళ్ళోవాళ్ళ నూనెకి ఉన్న నాలిక మీకు లేకపోయింది."

అడగొచ్చు. కాని ఏమని అడగాలి? కాపీరైటర్ అని ఒకప్పుడు శోశామ్మే చెప్పి చూసింది. చూసి రాసేవాణ్ణి నేను బెంచీ ఎక్కించేదాన్నని టీచరు అంది. ఆ మాట అక్కడితో పోయింది. పరస్యక్కారన్ అందామా అంటే కొచ్చాప్పి జీపు కళ్ళ ముందుకొచ్చి నిలబడుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పున్నూస్ రచ్చ గెలిచి ఇంటికొచ్చి చతికిలబడ్డాడు.

అతని కంపెనీలో ఒక అలవాటుంది. ఏ మాటనైనా అచ్చుకి పంపే ముందు నలుగురి చెవినీ వేసి చూస్తారు. శనివారం పొద్దున పున్నూస్ మూడు మాటలు జేబులో వేసుకుని బజారుకెళ్ళాడు.

మొదట మంగలి దగ్గర. పబ్లిసిటీ ఆఫీసర్ అంటే ఏమనుకుంటావోయ్ అన్నాడు. కుటుంబ నియంత్రణ వాళ్ళేగా అని మంగలి కత్తి నూరుతూ జవాబిచ్చి, మాకిక ఆ బాధ లేదు సారూ అని కూడా చెప్పాడు. గడ్డం సగమయ్యాక క్రియేటివ్ డైరెక్టర్ సంగతెత్తాడు. నిజానికి అతని ఉద్యోగం పేరు అదే. మంగలి కత్తి పక్కనపెట్టి, సినిమానా, మా మేనల్లుడు నాగుపాములా నాట్యం చేస్తాడు సారూ అని మొదలుపెట్టాడు. ఆ మేనల్లుడి ప్రతిభ పూర్తయ్యేసరికి మొహం మీద నురుగు ఎండిపోయింది.

మూడోది పాపచ్చన్ టీ కొట్లో విప్పాడు. కమ్యూనికేషన్ కన్సల్టెంట్.

కొట్లో మాటలాగిపోయాయి. పాపచ్చన్ గ్లాసు రెండుసార్లు తుడిచాడు. అడక్కుండానే పాలెక్కువ పోసి, నిలబడి చేతికిచ్చాడు. ఎవరు సార్ అది, అని నెమ్మదిగా అడిగాడు. నేనే, అన్నాడు పున్నూస్. బెంచీ మీద కూచున్న ఇద్దరు లేచి చోటిచ్చారు.

ఇరవయ్యారేళ్ళలో ఆ వూళ్ళో అతనికి ఎవరూ చోటివ్వలేదు. ఆ టీ తాగుతుంటే పున్నూస్‌కి కళ్ళు చెమర్చాయి. ఇంటికెళ్ళి, ఆ రెండు మాటలూ బ్రాకెట్లో ఇమిడేలా సాపు రాసి, ఫొటోతో సహా కవర్లో పెట్టి అంటించి కోర చేతిలో పెట్టాడు. టీచరుకి పాత కాయితం తిరిగిచ్చేశాడు. ఆవిడ డబ్బాలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

కొట్లో వాళ్ళకి ఆ మాట అర్థమై లేవలేదు. అర్థం కాలేదు కాబట్టే ఢిల్లీ స్థాయి ఉద్యోగం అయ్యుంటుందనుకుని లేచారు. ఆదివారం చర్చిలో పూజ అవగానే ఆ సంగతి పున్నూస్‌కి తెలిసొచ్చింది. మూడు వారాలుగా మూగబోయిన టెలిఫోనుకి పాపచ్చన్ అర్జీ పట్టుకొచ్చాడు. పింఛను ఆగిన పోస్టుమాస్టరు వచ్చాడు. కోడలికి ఆసుపత్రిలో బదిలీ కావాల్సిన మామ, కొడుక్కి కువైట్ వీసా కావాల్సిన తల్లి, చిన్న వంతెన కావాల్సిన ఒక వీధి వీధంతా వచ్చింది. టీచరుకి ఒంట్లో బాలేదని అందరికీ తెలుసు గనక అందరూ తెల్లబట్టలతో, చిన్నగొంతుతో, వాకిట్లో తలొంచుకుని నిలబడ్డారు. పెద్దవాళ్ళకి కూర్చోడానికి పక్కింటివాళ్ళు కుర్చీలు తెచ్చి వేశారు.

చిలికి చిలికి గాలివాన కావడానికి ఇంకెంత కావాలి. గుడి నుంచి వస్తున్న ఫాదరు ఆ గుంపు చూసి, టీచరుకి చివరి ఘడియేనని, పోయేవాళ్ళ నుదుట రాసే నూనెసీసా తీసుకుని పరుగున వచ్చాడు. ఫాదరు పరుగెత్తడం సైకిలు మీద పోతున్న కోర చూశాడు. తెల్లబట్టలు, కుర్చీలు, ఫాదరు. ఇరవయ్యేళ్ళ అనుభవం అతనిది. ఎవర్నీ అడిగి ఏడిపించడమెందుకని సానుభూతిగా అనుకుని, కవరు మీద 'మంగళవారం మూడింటికి' అని తనే రాసి మధ్యాహ్నం బస్సులో కొట్టాయం పేపరాఫీసుకి పంపేశాడు. ఆ వూళ్ళో ఎవర్నయినా మూడింటికే మట్టిచేస్తారు.

పున్నూస్ ఆ రోజంతా అర్జీలు తీసుకుంటూ కూర్చున్నాడు. వద్దనడానికి నోరు రాలేదు.

సోమవారం పొద్దున జ్వరం దిగింది. టీచరు లేచి వరండాలో కూర్చుని, నల్లకాఫీ తాగుతూ, అలవాటు ప్రకారం చావుల పేజీ తిప్పింది. తన ఫొటో కనపడింది. తర్వాత ఎర్ర పెన్సిలు తెమ్మంది.

పది గంటలకల్లా ఇల్లు నిండిపోయింది. పెద్ద కూతురు, చెరియాన్ తిరువనంతపురం నుంచి ఏడ్చుకుంటూ దిగారు. గేటు తీసి వరండాలో తల్లిని చూసి కూతురు మళ్ళీ ఏడ్చింది, ఈసారి భయంతో. పూలచక్రాలు వచ్చాయి. కువైట్ నుంచి ఫోనొచ్చిందని పక్కింటివాళ్ళు పిలిచారు. బడి హెడ్మాస్టరు పిల్లల్ని వరసలో నడిపించుకొచ్చాడు. సెలవిచ్చావా అని టీచరు అడిగింది. ఇచ్చానండి అన్నాడు. నేను పోతే సెలవివ్వొద్దని రిటైరైన రోజున చెప్పానా లేదా, పోకుండానే ఇచ్చావు, పొండి బడికి అంది. వరస అలాగే వెనక్కి తిరిగింది. కోర గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రావడానికీ లేదు, పోవడానికీ లేదు. పున్నూస్ కుడితిలో పడ్డ ఎలుకలా స్తంభం వెనక నిలబడ్డాడు.

"పున్నూస్, ఇలా రా" అంది టీచరు. అందరూ చూస్తున్నారు. పేపరు అతని ముందు పెట్టి, పెన్సిలు మొన బ్రాకెట్ మీద ఆనించింది.

"ఇందులో ఉన్నాయన ఎవరు?"

"నేనే అమ్మచ్చీ."

"ఏం చేస్తాడీయన?"

"అంటే... జనానికి సమాచారాన్ని..." అక్కడ ఆగిపోయాడు. ఎన్నో వేల వాక్యాలు రాసిన మనిషికి ఆ ఒక్కటీ పూర్తి కాలేదు.

"ఇరవయ్యారేళ్ళ కిందట నిన్నొక మాట అడిగాను" అంది టీచరు, గొంతు పెంచకుండా. "కాదండీ కాదండీ అన్నావు. నీ పని పేరు నీ నోటితో చెప్పుకోడానికి నీకే సిగ్గైతే, నా పెన్సిలుతో నేనేం రాయను? తప్పు రాయకూడదని ఖాళీ ఉంచాను. ఏదో ఒక రోజు నువ్వే వచ్చి చెబుతావని చూశాను. చివరికి ఎవడో ముక్కూమొహం తెలియనివాణ్ణి తెచ్చి నా ఇంట్లో కూర్చోబెట్టావు."

పున్నూస్ తల ఎత్తలేకపోయాడు. ఇన్నేళ్ళూ ఆవిడకి తనంటే చులకన అనుకున్నాడు. సిగ్గు ఆవిడది కాదు, తనదే. అది అంతమందిలో తెలియడం కంటే, నిజమని తనకే తెలియడం ఎక్కువ బాధనిపించింది.

స్తంభం దగ్గర శోశామ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి అంతుపట్టలేదు.

టీచరు బతికే ఉందని మర్నాటి పేపర్లో వేయించాలి కదా. చెరియాన్ ఇంజనీరు గనక కాయితం తీసుకుని, 'ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు' అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాడు. చదువుతుంటే ఆవిడ మళ్ళీ పోయిందేమోనన్న అనుమానమొచ్చేలా ఉంది. టీచరు చదివి కిందపెట్టి, పున్నూస్ వైపు చూసి, రాయి అంది.

పున్నూస్ మెట్టు మీద కూర్చున్నాడు. ఒకటి రాసి కొట్టేశాడు. ఇంకోటి రాసి ఇచ్చాడు.

'ఏలియామ్మ టీచరు ఇంట్లోనే ఉన్నారు. నిన్నటి పేపరు చదివారు. తప్పులు దిద్దుతున్నారు.'

టీచరు ఎర్ర పెన్సిలు పట్టుకుని ఆ మూడు వాక్యాల మీద చాలాసేపు తిప్పింది. ఎక్కడా ఆన్చలేదు. చివరికి పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. కొట్టెయ్యడానికి ఒక్క మాట కూడా లేదు అంది. యాభై ఏళ్ళలో ఆవిడ ఎవరితోనూ ఆ మాట అన్నట్టు ఆ వూళ్ళో సాక్ష్యం లేదు.

అందరూ వెళ్ళాక ఇంకో మాట కూడా అంది. వరండాలో పాఠానికొచ్చే పిల్లలకి, చిన్న వాక్యం ఎలా ఉండాలో చూపించడానికి పలక మీద ఎప్పుడూ ఒకటే రాసి చూపిస్తుందట. వాన దేవుడిది, గొడుగు మాది. "ఎవరిదో తెలియకుండానే ఎనిమిదేళ్ళు చెప్పాను. తర్వాత శోశ చెప్పింది నీదని. నువ్వెప్పుడు చెబుతావా అని ఊరుకున్నాను."

పున్నూస్ ఎర్ర పెన్సిలు అడిగి తీసుకుని, మొన చెక్కి ఇచ్చాడు.

జూన్ మొదటివారం, బళ్ళు తెరిచిన రెండో రోజు తెల్లవారుజామున టీచరు నిజంగానే పోయింది. నిద్రలోనే. పున్నూస్ కంటే ముందు చెరియాన్ బిస్కెట్ల డబ్బా తెరిచాడు. ఖాళీగా ఉంది. కోరని పిలిస్తే చేతులు కట్టుకుని చెప్పాడు, టీచరు కిందటి నెల్లోనే కొత్త కవరు తన చేత్తో ఇచ్చారని, ఇంట్లో ఎవరికీ చూపించొద్దన్నారని, ముఖ్యంగా మాటలు రాసే అల్లుడికి. ఈసారి డాక్టరు చీటీ చూసి గాని పంపకు అని కూడా అన్నారట.

మర్నాడు వానలో పేపరు వచ్చింది. ఎవరూ ఏడుపు మానలేదు గాని అందరి కళ్ళూ ఆ పేజీ మీదే ఉన్నాయి. కూతుళ్ళ పేర్లు, అల్లుళ్ళ పేర్లు. చెరియాన్ పక్కన బ్రాకెట్ లేదు. ఉమ్మన్ పక్కన లేదు. కువైట్ మొత్తం ఎగిరిపోయింది. పేజీ అంతటికీ బ్రాకెట్ ఒక్కటే ఉంది. పున్నూస్ (పరస్యక్కారన్).

చెరియాన్ పేపరు వెలుతురుకి పట్టి చూశాడు, తన ఇంజనీరింగు వెనకవైపు పడిందేమోనని.

శోశామ్మ పేపరు మడిచి మొగుడి చేతిలో పెట్టి, "ఇక రోడ్డు దాటక్కర్లేదు" అంది. అప్పుడు పున్నూస్ పెద్దగా ఏడ్చాడు. ఆవిడ మోనే అని పిలిచే రోజు కోసం ఇరవయ్యారేళ్ళు చూశాడు, ఆవిడ పిలవనే లేదు, ఇంత పని చేసి వెళ్ళింది.

గేటు బయట కొచ్చాప్పి జీపు ఆగింది. తడిసిన పేపరు అతని చేతిలో కూడా ఉంది. ఇద్దరూ ఒకరినొకరు అంత దగ్గర్నుంచి చూసుకోవడం అదే మొదటిసారి. మన పని పేరు ఆ పేజీలో ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు సారూ అన్నాడు కొచ్చాప్పి. మైకు చేతిలోకి తీసుకున్నాడు గాని మాట రాలేదు. తనకి అక్షరాలు దిద్దించింది టీచరేనట. మైకు పున్నూస్ వైపు చాపాడు.

పున్నూస్ దాన్ని అందుకుని, పంచె మోకాళ్ళ దాకా మడిచి, జీపెక్కాడు.

బజారులో వాన కురుస్తోంది. రెండు గొట్టాల్లోంచి ఒకే గొంతు ఊరంతా వినిపించింది. "ఏలియామ్మ టీచరు వెళ్ళిపోయారు. ఈసారి నిజం. మూడింటికి గుడి దగ్గర. వానొచ్చినా రండి. గొడుగు లేకపోయినా రండి."

టీ కొట్టు దగ్గర జీపు నెమ్మదించింది. బెంచీ మీదున్న కొత్తమనిషెవరో, ఎవరిదా గొంతని అడిగాడు. టీచరు మూడో అల్లుడు, పరస్యక్కారన్, అని పాపచ్చన్ గ్లాసు తుడుస్తూ చెప్పాడు. పున్నూస్‌కి వినబడింది. ఈసారి కాదనలేదు.